ఆరు వాటాల మాత్రలు

వాటాలు వేయడంలో పెద్దొదినని మించిన మనిషి ఆ అద్దకాల వీధిలో ఇంతవరకు పుట్టలేదు. ఒక దానిమ్మపండు చేతికిస్తే పదకొండు మందికి పంచి, నాకు తక్కువొచ్చిందనే నోరు ఒక్కటి లేకుండా చేయగలదు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు గానీ, పెద్దొదిన వడ్డిస్తే సొంత ఆడపడుచుకి కూడా ఒక్క గింజ ఎక్కువ పడేది కాదు. అందుకు ఆ ఆడపడుచు ఎన్నిసార్లు మూతి ముడుచుకుందో! "ముడుచుకోనీ, ఆకలేస్తే అదే విచ్చుకుంటుంది," అనేది పెద్దొదిన. ఆ వీధి కట్టుబాటే అంత. ఇంట్లోకి ఏది వచ్చినా గడప దాటాక అది తెచ్చినవాళ్ళది కాదు, అందరిదీ.

వీధంటే పట్టుమని నలభై గడప లేదు. మూడు తరాల కిందట మూటాముల్లె సర్దుకుని ఎక్కడినుంచో వచ్చి, కాలువ పక్కన తొట్లు పాతుకుని, గుడ్డకి నీలిరంగు వేసుకుంటూ బతుకుతున్నవాళ్ళు. వీళ్ళు ఇంట్లో మాట్లాడే భాష వేరు, మొక్కుకునే తీరు వేరు. మోచేతుల దాకా నీలం. ఊళ్ళోవాళ్ళ చొక్కాలకీ దుప్పట్లకీ ఆ రంగు కావాలి, రంగు వేసిన చేతులు మాత్రం పక్కన కూర్చోకూడదు. ఆసుపత్రి బల్ల మీద వీళ్ళు కూర్చుంటే పక్కవాళ్ళు మెల్లిగా జరిగేవారు. ఎందుకండీ అంటే, రంగు అంటుకుంటుందేమోనని అనేవారు. ఎండిన రంగు అంటుకోదు మహాప్రభో, పదిసార్లు ఉతికినా పోదు, అందుకే కదా మీరు కొనేది! చెబితే వినేదెవరు?

పదకొండేళ్ళ కిందట, చవగ్గా వైద్యం అందే కార్డులు ఇస్తున్నారని తెలిసి వీధి వీధంతా ఒకరోజు పని మానుకుని ఆసుపత్రికి వెళ్ళింది. కార్డుంటే డాక్టరు చూడటం ఉచితం, మాత్రలు ఉచితం. లేకపోతే బయట కొట్లో నెల మాత్రలకి వారం కూలి సమర్పించుకోవాలి. కార్డుల గుమాస్తా చిన్న మిషనొకటి ముందుకు జరిపి వేలు పెట్టమన్నాడు. పెట్టారు. మిషను ఎర్రలైటు వేసి ఊరుకుంది. ముప్పై ఏళ్ళు నీలిమందు కలిపే సున్నపునీళ్ళ తొట్లో నానిన వేళ్ళవి, గీతలన్నీ ఎప్పుడో అరిగి నున్నగా అయిపోయాయి.

"వేలిముద్ర లేనిదే కార్డు లేదు," అన్నాడు గుమాస్తా.

"వేలుంది కదయ్యా," అంది పెద్దొదిన.

"వేలుంది. ముద్ర లేదు."

"ముద్ర లేకపోతే మనిషి లేనట్టేనా?"

"నన్నడిగితే ఏం లాభం? మిషన్నడుగు."

ఆమె నిజంగానే వంగి మిషన్ని అడిగింది. "ఏం నాయనా, నేను కనపడుతున్నానా?" అంది. వీధివాళ్ళంతా పకపకా నవ్వారు. గుమాస్తాకి మాత్రం చిర్రెత్తింది. వేరే దారి చూపించవయ్యా అంటే లేదన్నాడు. పైవాళ్ళెవరో చెప్పవయ్యా అంటే చెప్పనన్నాడు. అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు అంటారే, ఆ బాపతు. అన్ని ఇళ్ళవాళ్ళూ ఉత్తచేతులతో తిరిగొచ్చారు.

అది జరిగిన రెండేళ్ళకి పెద్దొదిన మొగుడి కాలికి పుండు లేచింది. షుగరన్నారు. బయట డాక్టరు రాసిచ్చిన మాత్రలు మొదటి నెల కొన్నారు, రెండో నెల అప్పు దొరకలేదు, మూడో నెలకి మనిషే లేడు. మంచి మనిషి. తొట్టి కలుపుతూ ఈలపాటలు పాడేవాడు. పెద్దొదిన ఏడ్చిందేడ్చి, చివరికి ఒక్కమాట పట్టుకుంది. "ఒక్క మాత్రైనా కడుపులో పడుంటే బతికేవాడు." ఎవరు పలకరించినా అదే మాట. తర్వాత జరిగిన పొరపాటంతా ఈ మాటలోంచే పుట్టింది, అందుకే ఇంత విడమరిచి చెబుతున్నాను.

ఆమె మరిది పెళ్ళాన్ని అందరూ చిన్నమ్మి అంటారు. ఆ కార్డుల గొడవ అయ్యాకే కాపరానికొచ్చింది. ఆ కొత్తలో తొట్టి వాసనకి కడుపులో తిప్పి వాంతులు చేసుకుంటుంటే, "ఈ పిల్ల తొట్టి దగ్గరికి రాకూడదు," అని తీర్పిచ్చి, ఆరిన గుడ్డలు మడిచే గదిలో కూర్చోబెట్టింది పెద్దొదిన. తోడికోడళ్ళంటే ఉప్పూ నిప్పూ అనుకుంటాం కదా, వీళ్ళిద్దరూ అలా కాదు. చిన్నమ్మికి తల్లి లేదు. అక్కా అక్కా అంటూ ఆమె కొంగు పట్టుకునే తిరిగేది. రెండో కాన్పు తర్వాత ఆ పిల్లకి కూడా షుగరొచ్చింది. భయం భయంగా కార్డుకి వెళితే, మిషను ఆమె వేలు చూసిందో లేదో పచ్చలైటు వేసి కుయ్‌మంది. గుడ్డలు మడిచే చేతులు కదా, గీతలు చెక్కుచెదరలేదు. మొత్తం వీధికి ఒక్క కార్డు!

మొదటి నెల మాత్రలు గడప దాటాయి. ఇంకేముంది, వాటా వేయాల్సిందే. దాహం ఆగట్లేదని మామగారు, కళ్ళు తిరుగుతున్నాయని ఆడపడుచు, అరికాళ్ళు మంటలని పక్కింట్లో తడిగుడ్డలు పిండే అతనూ, అతని తల్లీ, చూపు మసకేసిందని ఎదురింటి ముసలాయనా. చిన్నమ్మితో కలిపి ఆరుగురు. వారం మొదట్లో పొద్దున్నే, మొదటి ముంపు ముంచిన గుడ్డలు తీగ మీద ఆరేశాక, పెద్దొదిన చేతులు కడుక్కుని, దారం తెంపే కత్తెరతో మాత్రలు సగానికి, పావుకి విరిచి ఆరు సాసర్లలో పెట్టేది. పొడి రాలితే తడివేలితో అద్ది ఎవరి సాసర్లో తక్కువుందో అందులో వేసేది. అంత నిక్కచ్చి! ఒక్క మాత్రైనా పడితే మనిషి బతుకుతాడని నమ్మింది కదా, ముక్కయినా పడకుండా ఎవర్నీ పోనివ్వకూడదని ఆమె పట్టుదల. చిన్నమ్మి అడ్డు చెప్పలేదు. అక్క వేసిన వాటా తప్పంటే ఆ వీధిలో కళ్ళు పోతాయి.

మూడేళ్ళు గడిచాయి. చిన్నమ్మి షుగరు దిగదు. ఆసుపత్రిలో మాత్ర ఒకటికి రెండు చేశారు, రెండో రకం కూడా కలిపారు. మాత్రలు పెరిగాయని వీధంతా సంబరపడింది, వాటాలూ పెరిగాయి. ఆ ఏడు చెప్పు కరిచి చిన్నమ్మి కుడికాలి చిటికెనవేలు దగ్గర చిన్న పుండు పడింది. రెండు వారాలు, నాలుగు వారాలు, మానదు. వేలు నల్లబడింది. ఆ రంగు పెద్దొదినకి తెలుసు. మొగుడి కాలి మీద చూసింది.

మర్నాడే చిన్నమ్మిని నడిపించుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళింది. డాక్టరు కుర్రవాడు, మర్యాదస్తుడే, కానీ బయట డెబ్భై మంది ఎదురుచూస్తుంటే మర్యాదకి మాత్రం సమయమెక్కడిది? కాగితం చూసి తల అడ్డంగా ఊపాడు.

"ఇంత మందు వాడుతున్నా తగ్గట్లేదంటే మీ ఒంటికి ఈ మందు పడట్లేదు. వేలు తీసేయాలి. అక్కడితో ఆగకపోతే పాదం. పెద్దాసుపత్రికి రాసిస్తాను," అన్నాడు.

పక్కనున్న నర్సమ్మకి ఊళ్ళో మైకు నర్సమ్మ అని పేరు. ఆమె గుసగుసలాడినా గేటు దాకా వినపడుతుంది. కట్టు విప్పుతూ చిన్నమ్మిని అడిగింది. "పొద్దున రెండు, సాయంత్రం రెండు, రోజూ వేసుకుంటున్నావా లేదా? సగం మాత్ర మింగితే సగం రోగం తగ్గుతుందనుకునేవు. అస్సలు తగ్గదు! దండగ! మందంటే పూర్తిగా పడాలి, లేకపోతే నీళ్ళు తాగినట్టే."

"రోజూ వేసుకుంటున్నానండీ," అంది చిన్నమ్మి తల వంచుకుని.

పెద్దొదిన ఆ మాటే లోలోపల మళ్ళీ అనుకుంది. సగం మింగితే సగం తగ్గదా? అస్సలు తగ్గదా? అయితే ఈ మూడేళ్ళూ తను కత్తెరతో విరిచింది మాత్రల్ని కాదు, ఈ పిల్ల కాలిని. చెప్పేద్దామని నోరు తెరిచింది. ఎదురుగా గోడ మీద బోర్డు. ఒకరి కార్డు మందులు మరొకరు వాడితే కార్డు రద్దు. ఆమెకి చదువు రాదు, కానీ చిన్నమ్మి ఎప్పుడో చదివి వినిపించింది. కార్డు పోతే చిన్నమ్మి ముక్కలూ పోతాయి, మామగారివీ పోతాయి, అందరివీ పోతాయి. చెప్పకపోతే పాదం పోతుంది. చిన్నమ్మికి అక్క ఆలోచన అర్థమైపోయింది. బల్ల చాటున ఆమె చెయ్యి గట్టిగా నొక్కి, వద్దన్నట్టు కళ్ళతోనే బతిమాలింది. పిచ్చిపిల్ల! తన కాలు పోతున్నా అక్క మాట పోకూడదని దాని తాపత్రయం.

పెద్దొదిన ఆ చెయ్యి విడిపించుకుని లేచి నిలబడింది.

"అబద్ధం చెబుతోందమ్మా. అది నాలుగు మాత్రలు మింగట్లేదు. ముక్క మింగుతోంది. ఆ మాత్రలు ఆరుగురు తింటున్నారు. పంచేది నేను. దాని తప్పేం లేదు, కార్డు మాత్రం తీసేయకండి. జైల్లో పెడితే నన్ను పెట్టండి, దాని కాలు నిలబెట్టండి."

డాక్టరు ముఖం జేవురించింది. "మందులతో ఆటలా? ప్రాణం పోయేది తెలుసా?" అని లేచాడు. నర్సమ్మ ఆయన్ని చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. ఆమె గొంతు మొదటిసారి గది దాటలేదు.

"ఆ మిగతా అయిదుగురికీ కార్డు ఎందుకు లేదు పెద్దమ్మా?"

పెద్దొదిన నీలంగా, నున్నగా ఉన్న రెండు చేతులు ముందుకు చాపింది. నర్సమ్మ ఆ వేళ్ళు ఒక్కొక్కటే తడిమి చూసింది. చూసి, "కార్డులు మొదలైన పదకొండేళ్ళ నుంచా?" అంది. అవునంది పెద్దొదిన. అప్పుడొచ్చింది నర్సమ్మకి కోపం! అయితే అది వీళ్ళ మీద కాదు. "ముందు ఈ పిల్ల సంగతి చూద్దాం. కార్డు ఎక్కడికీ పోదు. ఈ పూట నుంచి దాని మాత్రలు దానివే. ఒక్క ముక్క ఎవరికైనా పెట్టావో, నేనొచ్చి నీ కత్తెర కాలవలో పారేస్తా," అంది.

పెద్దాసుపత్రిలో చిన్నమ్మికి సూదిమందు మొదలుపెట్టారు, చిటికెనవేలు తీసేశారు. పాదం సంగతి నెల చూసి చెబుతామన్నారు. ఆ నెలంతా పెద్దొదినకి కంటి మీద కునుకు లేదు. మాత్రలు ఇంట్లోనే ఉన్నాయి, మామగారు దాహంతో గ్లాసు మీద గ్లాసు తాగుతున్నాడు, ఆయనకి ముక్క పెట్టలేదు. పెద్దాయన అడగనూ లేదు. "పిల్ల కాలు దక్కనీ," అన్నాడంతే. ఆడపడుచు మాత్రం మూతి ముడిచి, తర్వాత తనే వచ్చి చిన్నమ్మి కట్టు మార్చింది. నర్సమ్మ రెండ్రోజులకోసారి డ్యూటీ దిగాక నడుచుకుంటూ వీధికొచ్చి పుండు చూసి వెళ్ళేది. ఊళ్ళోవాళ్ళు ఆ వీధిలోకి గుడ్డల బేరానికి తప్ప రావడం అదే మొదలు.

ఆ నడుమ ఆమె ఇంకో పని చేసింది. కార్డుల రూల్సు పుస్తకం తెప్పించి, మొదటి పేజీ నుంచి చదివింది. ముప్పై ఎనిమిదో పేజీలో దొరికింది. వేలిముద్ర పడనివాళ్ళకి ఫొటో తీసి, ఇద్దరు సాక్షులు సంతకం పెడితే చాలు. అంతే! పదకొండేళ్ళుగా ఆ మాట ఆ పుస్తకంలో ఉంది, ఆ పుస్తకం గుమాస్తా బల్ల సొరుగులో ఉంది. ఇదేమిటయ్యా అని నిలదీస్తే, "ఎవరూ ఈ రూలుందా అని అడగలేదు కదండీ," అన్నాడట. ఒరే నాయనా, ఉందని తెలిస్తే కదా అడగడానికి! తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. ఆ పుస్తకం ఆ సొరుగులో ఉండగానే ఒక మనిషి కాలి పుండుతో కన్నుమూశాడు.

నెలాఖరుకి పెద్దాసుపత్రివాళ్ళు చిన్నమ్మి పాదం నొక్కి చూసి, రక్తం బాగా ఆడుతోంది, ఇక భయం లేదన్నారు. పెద్దొదిన ఆ వరండాలోనే కూలబడి బావురుమంది. మొగుడు పోయినప్పుడు కూడా అంతగా ఏడవలేదు. తర్వాత నర్సమ్మ చేతులు రెండూ పట్టుకుని, "నువ్వు పిల్లాపాపల్తో చల్లగా ఉండాలమ్మా. నన్ను తిట్టకుండా అడిగావు. తిట్టుంటే నేనింకో అబద్ధం చెప్పేదాన్నేమో," అంది. మైకు నర్సమ్మ, "సరే సరే, వచ్చే సెలవురోజు ఎవరూ పనికి పోకండి, మేమే వస్తున్నాం," అని గట్టిగా అరిచి వెళ్ళిపోయింది.

అన్నమాట ప్రకారం వచ్చారు. తొట్ల ముందు ఖాళీ జాగాలో బల్లలు వేశారు. గుడ్డలారేసే తీగకి తెల్లదుప్పటి కట్టి, దాని ముందు నిలబెట్టి ఫొటోలు తీశారు. సాక్షి సంతకం మొదటిది నర్సమ్మది. రెండోది ఎవరిదనుకున్నారు? గుమాస్తాది! డాక్టరే పట్టుబట్టి తీసుకొచ్చాడు. ఇంటికి నలుగురైదుగురు లెక్కన నూట డెబ్భై సంతకాలు పెట్టి, ఆ మహానుభావుడు మణికట్టు నలుపుకుంటుంటే పెద్దొదిన ఆయనకి చల్లటి మంచినీళ్ళిచ్చింది. ఆయన గ్లాసు అందుకుని, "క్షమించమ్మా," అన్నాడు. నాలాంటిదైతే నాలుగు అంటించేది. ఆమె, "తాగు నాయనా, ఇంకో రెండిళ్ళు మిగిలాయి," అందంతే.

ఒకపక్క కార్డులు, మరోపక్క రక్తపరీక్షలు. అక్కడ తేలింది అసలు విడ్డూరం. వాటా తిన్న అయిదుగురిలో షుగరున్నది ముగ్గురికే. ఎదురింటి ముసలాయనకి కంట్లో పువ్వు. ఆడపడుచుకైతే షుగరే లేదు, ఒంట్లో రక్తం లేక కళ్ళు తిరగడం. ఆ ముక్కలు ఇంకాస్త పెద్దవైతే ఆమె ప్రాణం మీదకే వచ్చేదని డాక్టరు చెప్పాడు. ఎవరి రోగం వాళ్ళది, ఎవరి మందు వాళ్ళదని పెద్దొదినకి అప్పటికి బోధపడింది. ఎవరి పొట్లం మీద వాళ్ళ పేరు రాసి, చేతికిచ్చి, ఎప్పుడు మింగాలో నర్సమ్మ వీధి చివరికి వినపడేలా చెప్పింది. నెలకొకసారి సెలవురోజున ఇక్కడికే వస్తామంది. జనం దండాలు పెట్టారు. పక్కింటి పిండే అతను అలవాటుగా తన పొట్లం తెచ్చి పెద్దొదిన ముందు పెట్టాడు. ఆమె దాన్ని తిరిగి అతని జేబులో కుక్కి, "ఇంకెప్పుడూ నా దగ్గరికి తేకు," అని కసిరింది.

పొద్దువాలుతోంది, బల్లలు సర్దుతున్నారు. "అందరూ అయినట్టేనా?" అంది నర్సమ్మ.

"అక్క కాలేదు," అంది చిన్నమ్మి.

"నాకేం రోగమే? గుండ్రాయిలా ఉన్నాను," అని పెద్దొదిన కసురుకుంది. చిన్నమ్మి వినలేదు. కొత్తగా నేర్చుకున్న కుంటినడకతో వచ్చి, అక్క రెక్క పట్టుకుని లాక్కెళ్ళి కూర్చోబెట్టింది. సూది గుచ్చారు. నర్సమ్మ ఒకసారి చూసి, నమ్మలేక ఇంకోవేలు గుచ్చింది. చిన్నమ్మికి ఉన్నదానికంటే ఎక్కువుంది.

"ఎన్నాళ్ళ నుంచి ఉంది నీకీ దాహం?" అంది నర్సమ్మ.

"ఉంది. మా ఆయన పోయిన ఏడు నుంచీ," అంది పెద్దొదిన నెమ్మదిగా.

"మరి మూడేళ్ళు మాత్రలు నీ చేతిలోనే ఉన్నాయి కదా! ఒక్క ముక్కైనా వేసుకోలేదా?"

పెద్దొదిన ఆరు సాసర్లే పెట్టేది, అంతే. పంచే మనిషి వాటా ఎక్కడని ఇన్నేళ్ళలో ఆ వీధిలో ఒక్కరికీ తోచలేదు. మామగారు తల దించుకున్నాడు. ఎన్నడూ అక్క మాటకి ఎదురు చెప్పని చిన్నమ్మి అందరి ముందూ గొంతు చించుకుని అరిచింది. "నువ్వు పోతే నాకెవరున్నారే? తల్లివనుకున్నాను కదే! నన్ను బతికించి నువ్వు చద్దామనుకున్నావా?" అని ఆమె భుజాలు పట్టి ఊపేసి, ఊపుతూనే మెడ చుట్టూ చేతులేసి ఏడ్చింది. నర్సమ్మ ముక్కు తుడుచుకుని, పేరు రాసి పొట్లం కట్టింది. చిన్నమ్మే అందులోంచి మాత్ర తీసి, గ్లాసుతో నీళ్ళు తెచ్చి నోటి ముందు పెట్టింది.

పెద్దొదిన మాత్ర అరచేతిలో పెట్టుకుని చుట్టూ చూసింది. వీధి వీధంతా నిలబడి ఆమెనే చూస్తోంది. కళ్ళు మూసుకుని మింగింది. యాభై నాలుగేళ్ళ బతుకులో ఎవరికీ పెట్టకుండా ఆమె ఒక్కతే తిన్నది ఆ మాత్ర ఒక్కటే.